లప్పం పెట్టేముందు పగులు చూడండి

సంక్రాంతికి ముందు రంగులు వేయించే ఇళ్లలో ఈ దృశ్యం మామూలే. పెయింటరు పోర్టికో దగ్గరికి వచ్చి ఆగుతాడు. ఇంటి గోడకూ పోర్టికో పక్కగోడకూ మధ్య పైనుంచి కిందిదాకా బీట. వేలిగోరు దూరేంత సందు. దాంట్లో లప్పం కూరి, ఉప్పుకాగితంతో రుద్ది, రెండు కోటింగులు వేస్తాడు. పండగనాటికి గోడ అద్దంలా ఉంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి రంగు మీద సన్నని గీత తేలుతుంది. మే నెలకు అదే బీట, అదే చోట. మేస్త్రీ సిమెంటు తక్కువేశాడని కొందరు, ఇటుక మంచిది కాదని ఇంకొందరు, వాస్తు చూపించమని మరికొందరు అంటారు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ రెండు గోడలూ ఏటా కదులుతున్నాయి. అదీ చెరో రకంగా. కదలిక ఉన్నంతకాలం ఏ లప్పమూ నిలవదు, ఎంత ఖరీదైనదైనా సరే. కాబట్టి పగులు కనిపించగానే దేంతో పూడ్చాలా అని వెతకడం తర్వాతి పని. ఏది కదిలింది, ఎందుకు కదిలింది, ఇంకా కదులుతోందా అన్న మూడు ప్రశ్నలకు ముందు జవాబు దొరకాలి. ఆ జవాబులో చాలా భాగం గోడ మీదే కనిపిస్తుంది.

పోర్టికోకే ఎందుకు?

మన ఊళ్లలో చాలా పోర్టికోలు ఇంటితోపాటు పుట్టినవి కావు. ముందు రెండు గదులు, వంటిల్లు కడతారు. అయిదేళ్లకో పదేళ్లకో, బండి నీడన పెట్టుకోవాలనో, సాయంత్రం నలుగురు కూర్చోవడానికి చోటుండాలనో ముందువైపు రెండు పిల్లర్లు లేపి స్లాబు వేస్తారు. పక్కన ఒక గోడ కడతారు. ఇంటి పునాది అయిదారు అడుగులు దిగి ఉంటే, పోర్టికో పిల్లర్ల గుంతలు మూడడుగుల దగ్గరే ఆగిపోతాయి. పక్కగోడకైతే ఒక్కోసారి పునాదే ఉండదు. ఉన్న గచ్చు మీదే ఇటుక పేర్చేస్తారు. ఇంటి కింది నేల పదేళ్లుగా బరువు మోసి అణగాల్సినంత అణిగిపోయింది. పోర్టికో కింది నేల మీద బరువు పడింది ఇప్పుడే. అది అణగడం ఇప్పుడే మొదలవుతుంది. పాతగోడకు కొత్తగోడను అతికించి ఉంచేది ఆ మధ్యనున్న కాస్త సిమెంటు మాలు మాత్రమే.

దానికితోడు ఎండా వానా నేరుగా తగిలేది పోర్టికోకే. స్లాబు మీది నీళ్లు దించే గొట్టం సరిగ్గా పిల్లరు మొదట్లో వదులుతుంది. బండి కడిగిన నీళ్లు అక్కడే ఇంకుతాయి. గోడ పక్కనే పూలమొక్కల మడి ఉంటే రోజూ తడి. పైగా అది తేలిక కట్టడం. బరువైన ఇల్లు నేలను అదిమిపెట్టినంతగా అది పెట్టలేదు. నేల ఉబ్బే రకమైతే ఈ తేలికదనమే చేటు తెస్తుంది.

రేగడిలో ఏముంది?

ఆదిలాబాద్, కర్నూలు, కడప, ప్రకాశం జిల్లాల్లోనూ పల్నాడులోనూ నల్లరేగడి ఎక్కువ. వేసవిలో ఆ చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. తొలకరికి అవే మూసుకుపోతాయి. చేలో నెర్రెకూ గోడ మీది బీటకూ మూలం ఒకటే మట్టి.

ఈ మట్టిలో మాంట్‌మోరిలొనైట్ అనే బంకమన్ను ఖనిజం ఎక్కువగా ఉంటుంది. ఫ్రాన్సులోని మాంట్‌మోరియాన్ అనే ఊరి మీదుగా వచ్చిన పేరది. దాన్ని అప్పడాల కట్టలా ఊహించుకోవచ్చు. ఒక్కో అప్పడం మందం మిల్లీమీటరులో సుమారు పదిలక్షల వంతు. అప్పడాల మధ్య పట్టు బలహీనం కాబట్టి నీటి అణువులు ఆ సందుల్లో దూరి వాటిని ఎడం చేస్తాయి. కోట్లాది పొరలు ఒకేసారి ఎడమైతే నేల లేస్తుంది. ఎండకు నీళ్లు పోతే పొరలు దగ్గరకు చేరి నేల కుంగుతుంది. ఎర్రనేలల్లో ఎక్కువగా కనిపించే కేయోలినైట్ పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నీళ్లు మధ్యలోకి పోలేవు. ఒకే మేస్త్రీ ఒకే ఇటుకతో ఎర్రనేల మీద కట్టిన ఇల్లు నిక్షేపంగా ఉండి, రేగడి మీద కట్టింది బీటలు వారడం ఇందుకే.

మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో ఒక తేలిక పరీక్ష చేస్తారు. ఎండబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో వేస్తారు. ఒకదాంట్లో స్వేదనజలం, ఇంకోదాంట్లో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల గీత దాకా పోసి, గాలి బుడగలు పోయేలా కలిపి కనీసం ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్ ఆ పొరల మధ్యకు దూరలేదు కాబట్టి అందులోని మట్టి ఉబ్బకుండా అడుగుకు చేరుతుంది. నీళ్లలో వేసిన మట్టి మెత్తగా పొంగి పైకి లేస్తుంది. కిరోసిన్‌లో 10 గీతల దగ్గర ఆగి, నీళ్లలో 16 దాకా లేస్తే ఉబ్బు 60 శాతం. 50 శాతం దాటిన నేలను ఇంజినీర్లు అతి తీవ్రంగా ఉబ్బే నేలల కింద లెక్కిస్తారు.

ఆ ఉబ్బుకు ఉండే బలం తక్కువేమీ కాదు. కొన్ని రేగడి నేలల్లో అది చదరపు మీటరుకు 20 టన్నులు దాటుతుంది. రెండు పిల్లర్లు, ఒక పలచటి స్లాబు దాన్ని ఎక్కడ ఆపగలవు? మన దేశంలోని నల్లరేగడిలో తేమ ఏటా హెచ్చుతగ్గులయ్యేది పైనుంచి సుమారు 3.5 మీటర్ల లోతు దాకా. మూడడుగుల గుంతలో నిలబడిన పిల్లరు ఆ కదిలే మట్టి మధ్యలోనే ఉన్నట్టు. ఇంటి నడిమధ్యలో నేల కప్పి ఉంటుంది, ఎండ తగలదు, తేమ నిలిచి ఉంటుంది. అంచున ఉన్న పోర్టికో కింద మాత్రం వేసవికి ఎండుతుంది, వానకు తడుస్తుంది. మే నెలలో బీట విచ్చుకుని సెప్టెంబరుకు సన్నబడిందంటే పని నేలదే అనుకోవచ్చు.

గీత ఎటు పోతోంది?

ఖాళీ అగ్గిపెట్టె తొడుగును నిలబెట్టి ఎడమవైపు గట్టిగా పట్టుకుని కుడివైపును కిందికి నొక్కితే అది వాలిపోతుంది. ఎడమ పై మూలకూ కుడి కింది మూలకూ మధ్య దూరం పెరుగుతుంది. రెండో కర్ణం పొట్టిదవుతుంది. గోడకూ ఇదే జరుగుతుంది. ఇటుక గోడ నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోదు. సాగిన దిక్కుకు అడ్డంగా తెగుతుంది. కుడి చివర కుంగితే పగులు ఎడమ అడుగునుంచి కుడి పైకి ఏటవాలుగా లేస్తుంది. ఇటుకల మధ్య మాలు వెంట పోతుంది కాబట్టి మెట్లలా కనిపిస్తుంది. ఆ మెట్లు ఎటువైపుకు ఎక్కుతున్నాయో సాధారణంగా ఆ వైపే నేల కుంగి ఉంటుంది. మెట్ల పగులు అడుగున సన్నగా ఉండి పైకి పోయేకొద్దీ వెడల్పయితే గోడ చివర దిగిందని, అడుగున వెడల్పుగా ఉంటే మధ్యభాగం దిగిందని అర్థం చేసుకోవచ్చు.

స్లాబుకు సరిగ్గా కింద, గోడ పై అంచున పడే అడ్డగీత వేరే కథ. అది ఎండ పని. కాంక్రీటు ప్రతి డిగ్రీ వేడికీ తన పొడవులో లక్షకు ఒక వంతు సాగుతుంది. 10 మీటర్ల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇటుక గోడ సాగేది అందులో దాదాపు సగం. పైగా అది నీడన ఉంటుంది. స్లాబు ముందుకు జరిగి, గోడ వెనకే ఉండిపోయి, రెండిటి మధ్యా మాలు తెగుతుంది. ఈ గీత పొద్దున సన్నగా ఉండి మధ్యాహ్నానికి మారుతుంటే నేలను తప్పుబట్టక్కర్లేదు.

ప్లాస్టరింగు మీద సాలెగూడులా అల్లుకున్న వెంట్రుకవాసి గీతలు మాలు త్వరగా ఎండిపోవడం వల్ల వస్తాయి. సిమెంటు ఎక్కువేసినా, నీళ్లు సరిగా కొట్టకపోయినా ఇవి తప్పవు. వీటివల్ల గోడకు ముప్పు లేదు. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా పడే తిన్నని గీత రెండు వేర్వేరు పదార్థాల కలయిక దగ్గరిది. పిల్లరు మీదో బీము మీదో కడ్డీ పొడవునా, గోధుమరంగు మరకతో కనిపించే పగులు లోపలి తుప్పుది. ఇనుము తుప్పుపడితే దాని పరిమాణం రెండు నుంచి ఆరు రెట్ల దాకా పెరిగి, పైనున్న కాంక్రీటును లోపలినుంచి చీల్చేస్తుంది. ఉప్పుగాలి తగిలే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు పాత పోర్టికోల్లో ముందుగా చూడాల్సింది దీన్నే.

చెట్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గోడకు దగ్గరగా ఉన్న పెద్ద చెట్టు వేళ్లు బంకమట్టిలోని తేమను పీల్చేసి నేలను కుంగదీస్తాయి. 1976లో బ్రిటన్‌లో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు అక్కడి బంకనేలల మీది ఇళ్లు ఇలాగే పెద్దసంఖ్యలో బీటలు వారాయి. అలాగని పాత చెట్టును ఒక్కసారిగా కొట్టేయడమూ తప్పే. అది తాగే నీళ్లు నేలలోనే మిగిలి, కొన్నేళ్లపాటు నేల ఉబ్బుతూ పోతుంది.

పెన్సిలు, గాజుముక్క, ఓ ఏడాది

కొలవకుండా ఏ వైద్యమూ మొదలుపెట్టకూడదు. ముందు పగులు దగ్గర అరచేయంత మేర ప్లాస్టరింగు చెక్కి చూడాలి. పగులు ప్లాస్టరింగుతోనే ఆగిపోయిందా, ఇటుక కూడా తెగిందా? తట్టితే డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగు గోడను వదిలేసిందని అర్థం. పగులు అంచులు పదునుగా, లోపల శుభ్రంగా ఉంటే అది కొత్తది. లోపల పాత రంగు, దుమ్ము, సాలెగూడు ఉంటే ఎన్నాళ్లనుంచో ఉన్నది.

తర్వాత పగులుకు అటూ ఇటూ రెండు సన్నని పెన్సిలు గీతలు గీసి, మధ్య దూరం కొలిచి, పక్కనే తేదీ రాయాలి. పగులు కొసలు ఎక్కడ ఆగాయో అక్కడా గీత పెట్టి తేదీ వేయాలి. నెలకోసారి, పొద్దునే, ఒకే వేళకు కొలవాలి. చెక్కిన చోట ఇటుకల మీద పగులుకు అడ్డంగా పలచటి గాజుముక్క ఎపాక్సీతో అతికించే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. గాజు పగిలితే గోడ కదిలినట్టే. ఎంత కదిలిందో చెప్పేది మాత్రం కొలతే. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేసరికి అంకెలు దారి చూపిస్తాయి. రుతువును బట్టి పెరిగి తగ్గితే రేగడి. మెల్లగా పెరిగి ఆగిపోతే కొత్త పునాది అణగడం పూర్తయినట్టు. ఆగకుండా పెరుగుతూనే ఉంటే పునాది కింద ఏదో జరుగుతోంది. తవ్వి చూడాల్సిందే.

భారత ప్రమాణాల సంస్థ 1984లో భవనాల పగుళ్ల మీద ఒక చేతిపుస్తకం వెలువరించింది. 1 మిల్లీమీటరు లోపు సన్నని పగులు, 1 నుంచి 2 దాకా మధ్యస్థం, 2 దాటితే వెడల్పు పగులు అని అందులో విభజించారు. బ్రిటన్ భవన పరిశోధన సంస్థ వాడే పట్టికలో 5 మిల్లీమీటర్ల దాకా పగుళ్లు ప్రధానంగా చూపుకు సంబంధించినవి. 15 దాకా పోతే తలుపులు పట్టేస్తాయి, గొట్టాలు విరగొచ్చు. 25 దాటితే కట్టడం నిలకడకే ప్రమాదం.

కొన్నిటికి మాత్రం ఏడాది ఆగకూడదు. పిల్లరు మీద పగులు, బీము పిల్లరును కలిసే చోట ఏటవాలు పగులు, తూకపు గుండు వేలాడదీస్తే గోడ వాలి ఉండటం, రోజుల్లోనే వెడల్పయ్యే బీట కనిపిస్తే వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి. ముందు పిల్లర్లు లేకుండా గాలిలోకి చాచిన పోర్టికో స్లాబుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వాటిని మోసే కడ్డీలు స్లాబు పైభాగంలో ఉంటాయి. ప్రమాదకరమైన పగులు కూడా పైనే, ఇంటి గోడకు దగ్గరగా పడుతుంది. కిందనుంచి చూసేవాళ్లకు కనపడదు. మేడెక్కి చూడాలి. ఉంటే ముందు కింద జాకీలు పెట్టించి, మనుషులను అక్కడినుంచి తప్పించాలి.

ముందు నీళ్లు, తర్వాత గోడ

మరమ్మతు గోడ దగ్గర మొదలుకాదు, నీళ్ల దగ్గర మొదలవుతుంది. స్లాబు నీటి గొట్టాన్ని పిల్లరు మొదటినుంచి తప్పించి కాలువలోకి కలపాలి. కారే కొళాయి, పగిలిన డ్రైనేజీ గొట్టం బాగుచేయించాలి. గోడను ఆనుకుని ఉన్న పూలమడిని దూరం జరపాలి. ఇంటి చుట్టూ కనీసం ఒక మీటరు వెడల్పున, బయటికి వాలు ఉండేలా చప్టా వేయించాలి. పునాది పక్క నేలలో తేమ హెచ్చుతగ్గులు తగ్గితే కదలికా తగ్గుతుంది. ఈ ఒక్క పనితోనే సద్దుమణిగే పగుళ్లు చాలానే ఉంటాయి.

కదలిక ఆగిందని కొలతలు చెప్పాకే గోడ మీద చెయ్యి వేయాలి. ప్లాస్టరింగు పగులైతే అంగుళంలో సగం వెడల్పున, లోపలికి సన్నబడే గాడిలా చెక్కి, దుమ్ము దులిపి, తడిపి, లేటెక్స్ కలిపిన మాలుతో పూడ్చాలి. పిల్లరూ ఇటుకా కలిసే చోట అటూ ఇటూ జానెడు మేర జాలీ కొట్టి ప్లాస్టరింగు చేయాలి. ఇటుకే తెగిన గోడకు కుట్లు వేయాలి. నాలుగైదు వరసలకొకటి చొప్పున మాలు గీరి, పగులుకు రెండువైపులా అర మీటరు చొప్పున 6 మిల్లీమీటర్ల మెలి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ పెట్టి, గ్రౌటుతో నింపుతారు. కాంక్రీటు పగులుకు ఎపాక్సీ ఎక్కిస్తారు. తుప్పు పట్టిన చోట మాత్రం చెడిన కాంక్రీటంతా చెక్కి, కడ్డీ శుభ్రం చేసి, తుప్పునిరోధక పూత వేశాకే పైపని.

మాలులో సిమెంటు ఎంత ఎక్కువుంటే గోడ అంత గట్టిదన్న నమ్మకం చాలామందిలో ఉంది. నిజానికి గట్టి మాలు ఎక్కువగా కుంచించుకుపోతుంది. కదలిక వచ్చినప్పుడు కాస్తయినా లొంగక ఇటుకనే చీలుస్తుంది. మాలు ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. పూర్వం గానుగ సున్నంతో కట్టిన గోడలు చిన్నచిన్న కదలికలను ఓర్చుకున్నది ఇందుకే. సన్నని పగుళ్లను సున్నం కాలక్రమాన తనే పూడ్చుకుంటుంది కూడా.

మొదట చెప్పుకున్న నిలువు బీట, పోర్టికో ఇంటిని కలిసే చోటిది, అసలు పూడ్చకూడని బీట. రెండు వేర్వేరు పునాదుల మీది కట్టడాలను సిమెంటుతో ఒకటి చేయాలని చూస్తే పక్కనే కొత్త చోట తెగుతుంది. అక్కడ మనమే పైనుంచి బేస్‌మెంట్ దాకా 10, 12 మిల్లీమీటర్ల తిన్నని సందు కోసి, లోపల నురగ కడ్డీ దోపి, పైన పాలీయురెథేన్ లేదా పాలీసల్ఫైడ్ సీలెంటు నింపాలి. అది రబ్బరులా సాగి ముడుచుకుంటుంది. కనపడకుండా ఉండాలంటే పైన అల్యూమినియం పట్టీ బిగించవచ్చు. స్క్రూలు మాత్రం ఒకవైపు గోడకే కొట్టాలి. రెండోవైపు జరగడానికి వదలాలి.

పునాదే చాలని చోట కింద కొత్త పునాది కట్టాల్సి వస్తుంది. గోడ పొడవునా ఒకేసారి తవ్వితే గోడ మీద పడుతుంది. మీటరు, మీటరు చొప్పున, ఒకటి విడిచి ఒకటి తవ్వుతూ కట్టుకు రావాలి. ఇంజినీరు దగ్గరుండి చేయించాల్సిన పని ఇది.

నేలను నమ్మి కట్టడం

హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం ఈ పాఠానికి పెద్ద ఉదాహరణ. నేల కుంగి దెబ్బతిన్న ఆ మండపాన్ని పురావస్తు శాఖ రాయిరాయికీ నంబరు వేసి విప్పి, పునాదిని బలపరచి, మళ్లీ పేర్చింది. అది 2024 మార్చిలో తిరిగి తెరుచుకుంది. పైన శిల్పం ఎంత గొప్పదైనా మరమ్మతు పునాదినుంచే చేయాల్సి వచ్చింది.

కొత్తగా పోర్టికో కట్టేవాళ్లకు ఇప్పుడు దారులున్నాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి కోసం అండర్‌రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. సన్నని కాంక్రీటు స్తంభం 3.5 మీటర్లు దిగి, అడుగున తన మందానికి దాదాపు రెండున్నర రెట్ల గడ్డతో కదలని మట్టిలో పాతుకుంటుంది. పైన వాటిని కలిపే బీముకూ నేలకూ మధ్య 8 సెంటీమీటర్ల ఖాళీ వదులుతారు. నేల ఉబ్బినా బీమును తాకదు. ఐఐటీ బాంబేలో ఆర్.కె. కట్టి ఉబ్బని మొరం వంటి జిగురు మట్టిని పొరలుగా దిమ్మిస కొట్టి రేగడి మీద పరిచే పద్ధతిని రూపొందించారు. ఒట్టి ఇసుక పోస్తే అందులో నీళ్లు చేరి కింది రేగడిని ఇంకా ఉబ్బిస్తాయి. అందుకే ఆయన జిగురున్న మట్టిని ఎంచుకున్నారు.

ఈసారి రంగులు వేయించే ముందు పెయింటరును ఒక్క రోజు ఆగమనండి. పగులుకు రెండువైపులా పెన్సిలుతో గీతలు గీసి, వెడల్పు కొలిచి, తేదీ రాసి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే మే నెలలో మళ్లీ కొలవండి. ఆ రెండు కొలతలూ చేతిలో ఉంటే ఇంజినీరుకు సగం పని తగ్గుతుంది. మీకు రెండోసారి లప్పం ఖర్చు తప్పుతుంది.